నాలుగు ఆవర్తాల తర్వాత

డెట్రాయిట్‌లో, ఫిబ్రవరిలో,
మూతపడిన చర్చిలో పియానోకి శ్రుతి చేస్తున్నాను.
గోడవార వేడి గొట్టాలు దగ్గుతున్నాయి.
ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టు
ఒక్కో మెట్టూ నొక్కి, వదిలి, వింటున్నాను.

ఎనభై రెండేళ్ల ఓరిన్ మేబ్రీ వచ్చి
ఓవర్‌కోటు విప్పకుండానే కూర్చున్నాడు.
"మధ్యలో ఆ ఒక్క తీగ జోలికి పోకు, వాండా.
మా పెద్దక్క ప్రార్థనల్లో అలాగే పాడేది."

యాభై ఏడేళ్ల పక్కవాద్యం.
పేరు ఎప్పుడూ రికార్డు అట్టల వెనకే,
చీమతలకాయంత అక్షరాల్లో.
ఒకదాని మీద అదీ తప్పే.
పాడేవాళ్లకి తలుపు తీసి పట్టుకోవడం,
వాళ్లు లోపలికెళ్లాక చప్పుడు కాకుండా వేయడం
అతని కొలువు.
వాళ్లకి దగ్గొస్తే రెండు స్వరాలు అడ్డం పెట్టేవాడు.
తాగొచ్చి వేరే శ్రుతిలో ఎత్తుకున్న లొరీన్ కోసం
పాటని సామానుతో సహా
పక్కగదిలోకి మార్చేసేవాడు,
వినేవాళ్లకి అడుగుల చప్పుడైనా తెలియకుండా.

"ఒక్కణ్ణే అంటే, ఎలా వాయించాలి?"
సౌండు చూసే కుర్రాణ్ని అడిగాడు.
కుర్రాడు నవ్వాడు.
అతను నవ్వలేదు.

ఎర్రదీపం.
నాలుగు ఆవర్తాల ఎత్తుగడ వాయించి
ఆగాడు.
తల అలవాటుగా కుడికి తిరిగింది,
పాడేమనిషి నిలబడేచోటికి.
అక్కడ నా పనిముట్ల సంచి, నా తడిబూట్లు.

మళ్లీ నాలుగు ఆవర్తాలు.
మళ్లీ ఆగాడు.

మూడోసారి
వీధిలో మంచు తోసే బండి వచ్చింది.
ఇనుపరెక్క రోడ్డుని గీరుకుంటూ
ఒకే బొంగురుస్వరం, పొడుగ్గా.
కుర్రాడు ఆపమని చెయ్యెత్తబోయాడు.
నేను ఆ మణికట్టు పట్టుకున్నాను.

ఎందుకంటే ఓరిన్ భుజాలు దిగాయి.
ఎడమచెయ్యి ఆ గొంతు కిందికి దిండులా జరిగింది.
కుడిచెయ్యి దాని ఊపిరి కోసం చోటొదిలి
అక్కడక్కడా ఊఁ కొట్టింది.
బండి మలుపు తిరిగిపోయింది.
అతనికి తెలియలేదు.
పదకొండు నిమిషాలు వెళ్తూనే ఉన్నాడు,
దారిలో ఆ శ్రుతి తప్పిన తీగని
రెండే రెండుసార్లు తాకి.

దీపం ఆరాక కోటు గుండీలు పెట్టుకుంటూ అన్నాడు:
"అందుకోవడం ఆలస్యం చేసింది గానీ
గొంతు బావుంది."

రికార్డులో ఏదీ కోయలేదు.
ఆ రెండు ఖాళీలూ అలాగే ఉన్నాయి.
ఇంట్లో గిన్నెలు తోముతూ వింటాను.
రెండో ఖాళీ దగ్గర, ఎందుకో,
నీళ్లు కట్టేసి
గొంతు సవరించుకుంటాను.