తెగిన చోట

శ్రీకాకుళం ఏడురోడ్ల జంక్షన్లో
జెరాక్స్ మిషను వేడికి
ఎండాకాలం ఓ నెల ముందే వచ్చే మా షాపుకి
పొందూరు నుంచి వచ్చింది బస్వా జగ్గమ్మ.
సంఘం సెక్రటరీ పంపాడట.
విశాఖలో సదస్సు, పదిహేను నిమిషాలు.
చదువు రాదు.
బొమ్మలు కదలాలని మాత్రం ఎవరో చెప్పి పంపారు.

కదిలించడం నాకు తెలుసు.
పన్నెండేళ్లుగా అదే నా కూడు.
బీయీడీ కాలేజీ మేడమ్ గారి శీర్షికలు
గిరగిరా తిరుగుతూ వచ్చి కూర్చుంటాయి.
పలాస జీడిపప్పు లాభాలు
మెట్టు మెట్టుకీ బంతుల్లా గెంతుతాయి.
ఒకసారి ఉద్దానం కిడ్నీల లెక్క,
పొడుగాటి ఎర్ర కడ్డీలు,
చప్పట్ల సౌండుతో సహా లేచి నిలబడ్డాయి.
పెట్టింది నేనే.
తీసెయ్యమని ఎవరూ అనలేదు.

జగ్గమ్మకీ అలాగే మొదలెట్టాను.
వాలుగ చేప దవడ కింది నుంచి తేలింది.
కొండపత్తి మంచులా రాలింది.
రాట్నం, అర సెకనులో ఆరు చుట్లు.
చివరికి నూలు:
తెర ఈ అంచు నుంచి ఆ అంచుకి
తనని తానే గీసుకుంటూ పోయే తెల్లటి గీత.
నాకే ముచ్చటేసింది.

కళ్లజోడు సర్దుకుని
"మళ్లీ తిప్పు" అంది.
తిప్పాను.
"మళ్లీ."
మూడోసారికి
"ఏటి బాబూ, నీ నూలు తెగదేటి?"

కంప్యూటరు మామ్మా, తెగదు, అన్నాను.

"తెగని నూలు నాను పుట్టి ఎరగను.
అక్కడ కూకున్నోళ్లు నమ్ముతారేటి?
మిల్లుదనుకుంతారు.
రాట్నం అలగ తిరిగితే
నా సెయ్యి ఎప్పుడో ఊడిపోను."

ఎక్కడ తెంపమంటావు మరి? సగంలోనా?

"సగం కాడ ఎవులికి బాద?
ఇంక అయిపోనాదనుకున్న కాడ తెంపు."

ఎంతసేపు ఆపాలో అడిగితే మాట్లాడలేదు.
గాల్లో కొస వెతికింది.
బొటనవేలు, చూపుడువేలు,
మధ్యలో ఏమీ లేదు,
ఆ లేనిదాన్నే మెల్లగా మెలిపెట్టింది.
గోడ గడియారం చూశాను.
నాలుగు సెకన్లు.
డిలే దగ్గర నాలుగు అని కొట్టాను.

తరవాత మంచు తీసేశాను.
గిరగిరలు తీసేశాను.
పెట్టడం కన్నా తీయడానికే ఎక్కువసేపు పట్టింది.
బిల్లులో ఏమని రాయాలో తోచలేదు.

వారానికి వచ్చింది,
ఏకులో చుట్టిన పెన్‌డ్రైవు తిరిగివ్వడానికి.
ఎలా అయింది మామ్మా?

"ఏసీ. సలి సంపేసినాది."
కుర్చీలో కూర్చుని, నీళ్లు తాగి,
"నూలు తెగిన కాడ ఎవులూ కదల్నేదు బాబూ.
ఒకాయన మాత్తరం
మిషను పాడైపోనాదని
వైర్లు సూడ్డానికి నెగిసినాడు.
కూకో బాబూ, అన్నాను.
కూకున్నాడు."

ఆవిడ మెట్లు దిగుతుంటే
పలాస షావుకారు ఎక్కుతున్నాడు.
ఈ ఏడు లాభాలు
ఇంకొంచెం ఎత్తుకి గెంతాలట.
గెంతించాను.
అద్దె కట్టాలి కదా.