బుధవారం మధ్యాహ్నం

వంటింటి కుళాయి చుక్కలు కారుతోంది.
రాత్రి పన్నెండున్నరకి ఫోన్ తెరిచాను, అలవాటుగా.
వాషర్లు, ప్యాకెట్టుకి యాభై.
రేపు పదింటికల్లా గుమ్మంలో.
నాకు అరవై ఎనిమిదేళ్లు.
ఇంత గట్టిగా తిప్పే చేతులతో కూడా
చచ్చేలోగా మహా అయితే మూడు అరగదీస్తాను.
మిగతా నలభై ఏడూ ఎవరి పేర వీలునామా రాయను?

ఖాతా మూసేద్దామని అప్పుడే అనిపించింది.
నిజంగానా? అంది.
ఏం పోగొట్టుకుంటారో చూడండి, అంది రెండో పేజీలో.
మూడో పేజీలో, నెల్లాళ్లు ఉచితం.
చుట్టాన్ని గుమ్మం దాకా సాగనంపి
చెప్పులు దాచేసినట్టు.
నాలుగో పేజీలో పేరు పెట్టి పిలిచింది: మెరెరిడ్.
మా ఆయన పోయాక ఈ ఇంట్లో
ఆ పేరుతో నన్ను పిలిచింది అదొక్కటే.
కాసేపు వేలు ఆగింది. అబద్ధమెందుకు.

తర్వాత నొక్కాను.

మర్నాడు వానలో బస్సెక్కి కొండ దిగి,
తావె నది మీద పాత బొగ్గురైలు వంతెన పక్కనుంచి
ఊళ్లోకి.
ఇడ్వల్ ఇనప సామాన్ల కొట్టు మూసి ఉంది.
బుధవారం మధ్యాహ్నం సెలవని తలుపుకి అట్టముక్క.
ఇరవై ఏళ్లుగా దాని ముందునుంచే నడుస్తున్నాను,
ఎప్పుడూ చదవలేదు.
బస్సు ఛార్జీ, తడి బూట్లు, ఖాళీ చేతులు.
ఆ రాత్రి కుళాయి కింద గిన్నె పెట్టి
చప్పుడు కాకుండా గిన్నెలో గుడ్డ వేశాను.

గురువారం ఇడ్వల్ నా అరిగిన వాషరుని
చిటికెనవేలికి తొడిగి చూశాడు,
ఉంగరం బేరమాడేవాడిలా.
"అర అంగుళం" అన్నాడు.
సొరుగు లాగితే కిరసనాయిలు, జనపనార, తుప్పు, అన్నీ కలిసిన వాసన.
ఒక్కటి తీసి కాగితంలో చుట్టాడు.
ముప్ఫై పెన్నీలు.
"దీనికి కార్డు గీస్తే యంత్రం నవ్వుతుంది."
నా దగ్గర చిల్లర లేదు.
చిల్లర మోయడం ఏ ఏడు మానేశానో కూడా గుర్తులేదు.
"ఈసారి వచ్చినప్పుడివ్వండి" అని పుస్తకంలో రాసుకున్నాడు.
నేను ఊళ్లో ఒక మనిషికి బాకీ పడ్డాను.
దారంతా ఆ సంగతే, ఏదో బహుమతి వచ్చినట్టు.

అన్నీ ఇలా కుదరలేదులెండి.
బల్బు రెండింతల ధర. ఆ వారం చివర బంగాళాదుంప సూపే.
కుక్క కీళ్లమందు ఊళ్లో దొరకదు,
పై ఊరి పశువుల డాక్టరు తెప్పిస్తానన్నాడు, ఎప్పుడో చెప్పలేదు.
మా అక్క కూతురు సెరిస్ ఆ గిడ్డంగిలోనే రాత్రిపని చేస్తుంది.
దాని ముందు ఈ మాటెత్తను.
అందరూ నీలాగే మానేస్తే నా అద్దె ఎవరు కడతారు, పిన్నీ,
అని అది అనలేదు.
అననివ్వకుండా టీ పోస్తాను.

అసలు బెంగ వేరు.
టెస్ఫాయ్, బూడిదరంగు వ్యాను, మూడేళ్లు.
రోజుకి నూట ఎనభై గుమ్మాలు,
నా గుమ్మానికి పదకొండు సెకన్లు,
అందులో రెండు మా కుక్క చెవి వెనక గోకడానికి.
ఇప్పుడు పక్కింటికొస్తాడు, ఎదురింటికొస్తాడు.
కుక్క కిటికీ ఎక్కి తోకాడిస్తుంది.
దానికి ఖాతా సంగతి తెలియదు.

నిన్న వ్యాను చప్పుడుకి నేనే బయటికెళ్లాను,
రావలసిందేమీ లేకుండా.
జాబితా పైకీ కిందకీ చూసి,
"మీకేమీ లేవండీ" అన్నాడు, తప్పు తనదైనట్టు.
"తెలుసు" అన్నాను.
ఇంజను ఆపలేదు.
కుక్క నా కాళ్ల మధ్యనుంచి దూరి వెళ్లింది.
లెక్కపెట్టాను: పదిహేడు.

కుళాయి నోరు మూసుకుంది.
ఇడ్వల్‌కివ్వాల్సిన ముప్ఫై పెన్నీలు
కోటుజేబులో గలగలమంటున్నాయి.
బస్సు స్టాపు దాకా వెళ్లాక గుర్తొచ్చింది,
ఇవాళ బుధవారం.