పత్తి గోడౌన్లో మంచు

ఆదోనిలో మంచు పడదు.
మూతపడ్డ జిన్నింగు మిల్లు గోడౌన్లో మాత్రం
ఆ ఆదివారం పొద్దున తొమ్మిదికి మొదలై
దీపాలు పెట్టే వేళ దాకా పడింది.

తెరంటే రెండు దుప్పట్లు కలిపి కుట్టింది.
జర్మనీలో ఎవరు ఎటు నడిచినా
నడుమ ఆ కుట్టు దాటాల్సిందే.

ముప్పై ఒక్కరం.
"ఎనిమిదిన్నర గంటల సినిమా.
కథ కోసరం వచ్చినోళ్లుంటే
వగ్గాని తిని ఇంటికి పోవచ్చు,"
అన్నాడు మహబూబ్ పీరా, ప్రొజెక్టరు తుడుస్తా.

మొదటి గంటలో ఒకాయన ఉర్లగడ్డల పొట్టు తీసినాడు.
మొద్దు కత్తి. చలి గది.
కిటికీ అవతల మసి గోడ.
రెండో గంటలో అవి ఉడికినాయి.
కాలేజీ పిల్లోళ్లు నగుకుంటా లేచిపోయిరి.
మూడో గంటలో ఆయన తిన్నాడు,
ఉప్పు లేకుండా.
బజార్లో ఏదో పనుందని కమీషన్ ఏజెంటు పాయ.

తలుపు దగ్గర ఇనుప స్టూలు మీద
వాచ్‌మన్ ఉరుకుందప్ప.
ఆయనకు జర్మన్ రాదు, కింద పాకే ఇంగ్లీషూ రాదు.
మేం పోతే బీగం వెయ్యాల,
అందుకని చూస్తాండాడు.

ఐదో గంటలో
(ఈ మాట ఎట్లా చెప్పాలో నాకిప్పటికీ తెలీదు)
ఆ ఉర్లగడ్డల మనిషి
తనకు పక్కలో చోటిచ్చిన స్నేహితుణ్ణి
పోలీసులకు పట్టిచ్చినాడు.
దెబ్బలకు భయపడి కాదు.
ఊరికే. అడిగినారు, చెప్పినాడు.
వాన్ని ఈడ్చుకపోయినాక
కొక్కేనికి మిగిలిన వాని కోటు తొడుక్కున్నాడు.

కెమెరా కదల్లేదు.
తిట్టలేదు, కొట్టలేదు,
వయొలిన్ పెట్టి మమ్మల్ని ఏడ్వమనలేదు.
అద్దం లేని గదిలో ఒక మనిషి
పావుగంట సేపు గుండీలు పెట్టుకుంటాంటే
ఎదురుగా కూర్చుని చూసింది,
ఆస్పత్రిలో రాత్రికి తోడుండేకి వచ్చిన
దూరపు చుట్టం మాదిరి.

నేను పండ్లు కొరుకుతాండా.
థూ, నీ బతుకు చెడ, అనబోతి.
వెనక నుంచి ఉరుకుందప్ప మెల్లగా,
"మూడో గుండీ ఊడిపోయింది సూడు, పాపం.
ఆ చలికెట్లా?"

మా తిప్పన్నకు కుడిచెయ్యి
ఈ మిల్లులోనే, రెండో నంబరు జిన్ను కింద పోయింది.
అమ్మ ఉన్నన్నాళ్లు చొక్కా గుండీలు అమ్మ పెట్టేది.
తర్వాత తెరిచిన రొమ్ముతోనే తిరిగినాడు.
ఒకసారి నా బ్యాంకుకు వస్తే
నలుగురూ చూస్తాండారని
"గుండీలన్నా పెట్టుకోని రావచ్చు కదన్నా" అంటి.
నిలబడే నీళ్లు తాగి పోయినాడు.
ఎడమచేత్తో ఒక గుండీకి ఎంతసేపు పడుతుందో
నేనెన్నడూ కూర్చుని చూడలేదు.
పావుగంట పడుతుందేమో.

అప్పుడు ఫ్యాను గాలికి
దూలాల మీది పదేండ్ల పత్తి నూగు కదిలింది.
ప్రొజెక్టరు వెలుతుర్లో తేలి
మా తలల మీద, వగ్గాని పొట్లాల మీద,
ఆ కోటేసుకోని వీధిలోకి వచ్చిన మనిషి మీద
ఒకటే తెలుపు.

ఆ సినిమాలో ఎవరూ బాగుపడలేదు.
మిగిలిన మూడున్నర గంటలూ వాడు నడిచినాడు.
స్నేహితుడు తిరిగి రాలేదు. వాడు ఏడ్వలేదు.
వంతెన కాడ నిలబడితే దూకుతాడేమో అనుకుంటిమి,
ముక్కు చీదుకోని పోయినాడు.
అంత ఎండిన మనిషిని నేను యాడా చూడలేదు,
మా కరువు సీమలో కూడా.
అయినా వాన్ని ఇడిసిపెట్టి
ఒక్క నిమిషమైనా కెమెరా పక్కకు పోలేదు.

ఆఖర్న తొమ్మిది మందిమి.
దుప్పట్లు తెల్లబడినాయి, కుట్టు మిగిలింది.
"శుభం పడలేదే?" అన్నాడు ఉరుకుందప్ప.
"పడదు, ఉరుకుందన్నా."
"ఓహో. ఇంగా ఉందేమో అనుకుంటి."

గేటు కాడ నా భుజం మీది నూగు దులిపి,
"మీ తిప్పడు మొండోడు.
గుండీ పెడ్తా రారా అంటే
మొదట్లో ఒప్పుకునేటోడు కాదు,"
అని తలుపు ఈడ్చినాడు.

తుప్పు పట్టిన తలుపు.
మూతపడేకి చానాసేపు పట్టింది.
నిలబడి చూస్తి.