పదిహేడో అధ్యాయం

ఇసాఫ్యోర్దుర్‌లో జనవరి నెలంతా
సూర్యుడి కాపురం కొండ వెనకే.
మధ్యాహ్నం మూడింటికే వీధి దీపాలు.
అందుకే మా సినిమా హాలుకి జనం కరువుండదు,
నూట పది కుర్చీల్లో ఏడు విరిగినవే అయినా.

నేను టికెట్లు చింపుతాను.
సగం ముక్క నాది, సగం వాళ్ళది.
అభిప్రాయం మాత్రం నిండుగా వాళ్ళదే.
ఆట వదిలాక కోటు గుండీలు పెట్టుకుంటూ
నా బల్ల ముందే దులిపి పోతారు,
బూట్ల మంచు దులిపినట్టు.

ఈసారి వచ్చింది రెండు పాత నవలల్ని
ఒకే సూదితో కుట్టిన సినిమా.
బడిలో మా అందరిచేతా మింగించిన నవలలే అవి,
చేపనూనె చెంచాతో పాటు.
అప్పట్లో గొర్రెలు కాసిన కూలిపిల్లకి
ఇప్పుడు చేపల ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు.
ఉత్తరం మోసిన గుర్రం బదులు
ఛార్జింగ్ అయిపోయిన ఫోను.
భూస్వామి కొడుకు బ్యాంకు మేనేజరయ్యాడు.
"ఇందులో మార్చిందేముంది?" అన్నాడు టాక్సీ ఓర్రి,
ఇంటి అప్పు ఇంకా తీరనివాడు.

పంతులు స్నైబ్యోర్న్ ముఖం ఎండుచేప.
"ఆ వాక్యాల్ని ఏం చేశారు వీళ్ళు?
ఒక్కొక్కటి కనుమ దాటేంత పొడుగు,
ఊపిరి బిగబట్టి చదివేవాళ్ళం.
ఓ డ్రోను ఎగరేసి
కొండల్ని పైనుంచి చూపించి
చేతులు దులిపేసుకున్నారు."

దనూతా నవల చదవలేదు.
పోలండ్ నుంచి వచ్చి పదకొండేళ్ళు,
నిజం ఫ్యాక్టరీలో నిజం రాత్రి షిఫ్టు.
"కత్తి అలా పట్టుకుంటే
మొదటి గంటలోనే వేలు తెగుతుంది" అంది.
కాసేపాగి,
"ఇంటికొచ్చి అరచేతులు వాసన చూసుకుంటుందే,
అది మాత్రం ఎవరో తెలిసినవాళ్ళు రాశారు."
స్నైబ్యోర్న్ తలెత్తాడు.
"అది నవల్లోదే. నాలుగో అధ్యాయం."
ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు,
పదకొండేళ్ళలో మొదటిసారేమో.

అసలు రగడంతా ముగింపు దగ్గర.
నవల్లో ఆ పిల్ల మంచుతుఫానులో పోతుంది,
పదిహేడో అధ్యాయం,
ఇంటి గోడకి రెండు బారల దూరంలో.
సినిమాలో తలుపు తడుతుంది.
ఎవరో తీస్తారు. అంతే.
పిరికితనం అన్నాడొకడు.
టికెట్లమ్ముకునే తెలివన్నాడు ఇంకొకడు, నా వంక చూస్తూ.
చచ్చినవాళ్ళని లేపడానికి వీళ్ళెవరని
మా చర్చి పాస్టరమ్మ;
ప్రతి ఈస్టరుకీ ఆవిడ చెప్పేది ఆ కథే.

అందరూ పోయాక లేచింది స్టైన్‌వోర్.
ఎనభై నాలుగేళ్ళు.
చేతిలో టోపీ ఉందని మర్చిపోయి
టోపీ కోసం వెతుకుతోంది.
ఎలా ఉందండీ అన్నాను, మాటవరసకి.

"మా తమ్ముడు మంచాన పడ్డ ఏడాది
రోజుకో అధ్యాయం చదివి వినిపించేదాన్ని.
వాడికి ఆ పిల్లంటే ప్రాణం.
తనకీ దగ్గే, వాడికీ దగ్గే.
పదిహేడో రాత్రి నాకు నోరు రాలేదు.
పేజీ మీద కళ్ళు పెట్టి,
తలుపు తట్టిందన్నాను. తీశారన్నాను.
రొట్టె పెట్టారన్నాను. తడి మేజోళ్ళు విప్పారన్నాను.
అబద్ధం రుచి మరిగి
మరో మూడు రాత్రులు చదివాను, లేని పుస్తకం."

టోపీ దొరికింది. పెట్టుకోలేదు.

"వాడు పోయాక పుస్తకం తలగడ కింద దొరికింది.
పదిహేడో అధ్యాయంలో
గుర్తుగా మందు చెంచా."

బయట మంచు తీసే బండి
రివర్సులో కూస్తూ పోయింది.
ఏమనాలో తెలియక
పాప్‌కార్న్ గాజుపెట్టె తుడిచాను,
తుడిచిన చోటే మళ్ళీ.

"రేపు చివరి పది నిమిషాలకి టికెట్టెంత?"
అలాంటి టికెట్టు లేదని చెప్పాను.
పెన్షను మీద బతికేదాన్ని,
మొత్తం ఆటకి డబ్బులివ్వనంది,
పైగా మొదటి గంట ఉప్పులేని గంజి అంది.

మా హాలు పక్క తలుపు
చలికి కొయ్య బిగిసి గడియ పడదు.
తడితే చాలు అన్నాను.