అంతే గొంతు

వానాకాలం జిగాంషోర్‌లో
టంకం పొగ కూడా తడిగానే లేస్తుంది.
మోరిబా తాత కోరా తెచ్చి నా బల్లకి ఆనించాడు.
"ఇంట్లో ఇరవైయొక్క తీగలూ పలుకుతాయి నేమా,
పెళ్ళిలో స్పీకరుకి తగిలిస్తే
బొటనవేలి తీగలు మూగపోతాయి."

సొరబుర్ర లోపలికి లైటు వేసి చూశాను.
నాణెమంత పీజో బిళ్ళ,
దాన్నుంచి పన్నెండు గజాల వైరు.
బిళ్ళ తప్పేం లేదు.
మాటుంది దాని దగ్గర, మోసే సత్తువ లేదు.
అవతల మిక్సర్ కాస్త లాగేసరికి
మంద్రమంతా చేజారిపోతోంది.

చచ్చిన రేడియో కడుపులోంచి
ఒక ట్రాన్సిస్టర్ పీకాను. మూడు కాళ్ళు.
కలెక్టర్‌ని తిన్నగా తొమ్మిది వోల్టుల బ్యాటరీకి కట్టేశాను.
ఆ కాలు ఇక కదలదు,
పాట దృష్టిలో అదీ నేలే.
బేస్ దగ్గర రెండు రెసిస్టర్లు,
బిళ్ళ గొంతు నొక్కనంత పెద్దవి.
ఎమిటర్ కింద ఒక చిన్నది.
పాట బయటికొచ్చే గుమ్మం అదే.

"ఎంత పెంచుతుంది?"
"పెంచదు."
"మరెందుకు?"
మీటరు చూపించాను.
బేస్ మీద ఐదు, ఎమిటర్ మీద నాలుగు పాయింట్ నాలుగు.
ఆ తేడా దారి సుంకం. ఇంచుమించు ఎప్పుడూ అంతే.
పాట ఎక్కితే ఎక్కుతుంది, దిగితే దిగుతుంది,
తలకిందులు చెయ్యదు.
అల వెనకే అల, ఒక మెట్టు కింద.

తాత నవ్వాడు. "నేను చేసిందీ అదేగా!
పెద్దలు పెదవి కదిపీ కదపకుండా అన్నమాట
మా జెలీలం ఊరంతటికీ వినిపించేవాళ్ళం."
"కాదు తాతా, మీరు గొంతు పెంచారు,
నాలుగు బిరుదులు కూడా తగిలించారు.
ఇది ఒక్క అక్షరం కలపదు."

కాస్త నొచ్చుకున్నాడు.
చాలాసేపు బ్యాటరీ వంకే చూశాడు.
"అయితే ఆ సత్తువ ఎవరిది?"
"దానిదే. బేస్ చిటికెడు అడిగితే
ఎమిటర్‌కి వందరెట్లు కరెంటు పోస్తుంది."
"మాట కోరాది, బువ్వ బ్యాటరీది," అన్నాడు
తనలో తను.
నా కన్నా బాగా చెప్పాడు. పైకి మాత్రం అనలేదు.

పన్నెండు గజాల వైరూ పరిచి
అడుగు తీగ మీటాడు.
బల్లమీది మేకుల డబ్బా గలగలలాడింది.
ఎదురుగా చేపలమ్మే ఆవిడ తలెత్తి
మళ్ళీ పొలుసు గీకడంలో పడింది.

"బ్యాటరీ ఎన్నాళ్ళొస్తుంది?"
"పాటయ్యాక ఊడదీస్తే ఏడాది.
మరిచిపోతే మూడు వారాలు."
"మరిచిపోతాను," అని
ఇంకోటి కొనుక్కుని
వానలోకి వెళ్ళాడు.