ఇవాళ కనిపించిందా

ఆరున్నరకి పడవెక్కారు ముగ్గురు.
నార్వే నుంచి ఒక ముసలాయన, చెవిలో మిషను.
ఆయన చెల్లెలు.
తైవాన్ పిల్ల ఒకతె,
కెమెరాని పసిబిడ్డలా ఒళ్ళో పడుకోబెట్టుకుని.

తుంగ మొదలయ్యేదాకానే మోటారు.
ఆపైన గెడ.
రెండు నిలువుల తుంగ అటూ ఇటూ ఒరుసుకుంటుంది.
మేం దాటగానే వెనకాల దారి మూసుకుంటుంది
మాట మింగేసిన మనిషిలా.

లకుముకి పిట్ట ఒకటి గాల్లోనే ఆగి
నీళ్ళని చదివి, వద్దనుకుని వెళ్ళిపోయింది.
కలువాకుల మీద పొడుగు వేళ్ళ పిట్ట
కూనల్ని రెక్కల కింద ఇరికించుకుని నడుస్తోంది.
రెక్క చివర చిన్నకాళ్ళు నాలుగు వేలాడుతున్నాయి.
"అమ్మా?" అంది తైవాన్ పిల్ల.
నాన్న, అన్నాను.

వీళ్ళు డబ్బు కట్టింది వేరే దానికి.
పావుకోడు లాంటి ముక్కు, బూడిద ఒళ్ళు,
నిలబడితే నా భుజానికి తగిలే పక్షి.
బుల్వే.

నా చిన్నప్పుడు ఆ పేరు పడవలో ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు.
పొద్దున్నే దాని మొహం చూస్తే ఆ రోజుకి వల ఖాళీ.
మా నాన్న ముబీరు
సగం దారిలోంచి ఎన్నిసార్లు పడవ తిప్పుకొచ్చాడో!
గడపలోనే అమ్మ అడిగేది:
"ఇవాళ కనిపించిందా?"
ఆయన మాట్లాడకపోతే
ఆ పూట పొయ్యి మీద అరటికాయలే, వట్టివి.

ఒకసారి దాన్ని కొట్టాడు.
ఆయన చెప్పలేదు.
అంచు విరిగిన తెడ్డు
ఏళ్ళ తరబడి గోడకి ఆనుకుని చెప్పింది.

గంటన్నర.
ముసలాయన చెవిలో మిషను తీసి జేబులో వేసుకున్నాడు.
చెల్లెలు బిస్కెట్టు పొట్లం విప్పబోయి
ఆ చప్పుడుకి తనే భయపడి ఆగిపోయింది.

అప్పుడు తుంగలో ఒక మొద్దు.
కాసేపటికి ఆ మొద్దుకి కన్ను.

అది కదల్లేదు, మేమూ కదల్లేదు.
నా గెడ మీంచి నీటిచుక్క జారి మోచేతి దాకా వచ్చింది.
ఉన్నట్టుండి ఒళ్ళంతా నీళ్ళలోకి పడేసింది
అటక మీంచి జారిన మూటలా.
లేచేసరికి ముక్కు నిండా బురద, గడ్డివేళ్ళు,
మధ్యలో మెలి తిరుగుతూ మంబా చేప.

కెమెరా టకటకలాడింది. ముసలాయన ఏడుస్తున్నాడు,
సిగ్గు లేకుండా, చిన్నపిల్లాడిలా.

నేను చేపనే చూశాను.
మాది మంబా వంశం. మేం దాన్ని తినం.
నీళ్ళలో ఊపిరి చాలక
ఒక్క గుక్క గాలి కోసం పైకొస్తుంది పాపం.
ఆ గుక్క దగ్గరే దొరికిపోతుంది.
చుట్టం చావుకి టిక్కెట్టు పెట్టి
జనాన్ని తీసుకొచ్చినట్టుంది నాకు.

రేవులో నాన్న, బోర్లించిన పడవ మీద.
ఎవరూ వాడని వలకి ముడులు వేస్తూ,
ఒక కంట్లో పొర.
"నాంక్యా! ఇవాళ కనిపించిందా?"
అమ్మ మాటే, అక్షరం మారలేదు.
నా కొడుకు బడి ఫీజు ఆ మాటలోనే ఉంది ఇప్పుడు.

కనిపించింది, అన్నాను.
"ఏం తింది?"
ఇది మాత్రం ఎప్పుడూ అడగలేదు.

జెల్ల, అన్నాను.
ఒక జెల్ల. చిన్నది.

ముసలాయన ఇచ్చిన నోట్లు ఆయన చేతిలో పెట్టాను.
తడిగా ఉన్నాయి.
వాసన చూశాడు.