ఆనవాళ్లు

రెండో సెమిస్టర్. చెంగల్రాయుడు సారు, రిటైర్డ్ డీఎస్పీ,
సుద్దముక్క పట్టుకున్నా లాఠీ పట్టుకున్నట్టే ఉంటాడు.
బోర్డు మీద ఒకటే మాట రాసి కూర్చున్నాడు:
చూడండి.

చూడ్డమంటే ఏమిటో ఆదివారం తెలిసింది.
తిరుపతి రైల్వే స్టేషన్, ఒకటో ప్లాట్‌ఫారం, ఒక గంట.
ముక్కూ మొహం తెలియని పదిమంది.
ఎత్తు, రంగు, నడక, జుట్టు, ఆనవాళ్లు.
వాళ్లకి అనుమానం రాకూడదు.

జుట్టు దగ్గర పెన్ను తడబడింది.
ఒకటి: గుండు.
రెండు: గుండు, గంధం.
మూడు: గుండు, గంధం, చంకలో పాప. పాపకీ గుండు.
ఏడో మనిషికి వచ్చేసరికి
ఈ ఊళ్లో జుట్టుతో తిరిగేవాడే అనుమానితుడనిపించింది.

సారు చదివాడు. నవ్వలేదు.
"ఏమ్మా మునికుమారీ, రేపు నిందితుణ్ని గుర్తుపట్టమంటే
సర్వదర్శనం క్యూ మొత్తం నిలబెట్టమంటావా?"
పదికి రెండు.
ఆ రెండూ చేతిరాతకంట.

రాత్రి కొర్లగుంటలో
అమ్మ కొండ మీద షిఫ్టు దిగి వచ్చింది.
కల్యాణకట్టలో పద్నాలుగేళ్లుగా కత్తి పట్టిన చేయి,
వేడినీళ్ల గిన్నెలో పెట్టుకుని
నా కాగితం చదివించుకుంది.

"గుండ్లన్నీ ఒకటేనని ఎవురు చెప్పినారే నీకు?
సుడి చూడు. ఒంటి సుడా, జంట సుడా, యా దిక్కుకి తిరిగిండాదో.
చెవి వెనక చూడు. పసిబిడ్డప్పుడు మంచం మీంచి పడిన మచ్చ
ముసిలైనా పోదు.
కత్తి ఆనకముందే మెడ బిగించేది
ఎప్పుడో తన్నులు తిన్న మనిషి.
జుట్టు పోతేనే గదా పాపా, మనిషి అగపడేది."

నోట్సు తీశాను. సారు క్లాసులో తీసినదానికంటే ఎక్కువే.

అమ్మ ఊరికే చెప్తా పోయింది.
పోయిన నెల ఒకామె, ఆరేడేళ్ల పిల్లని తెచ్చిందట.
"మీ అమ్మ మొక్కునా?" అంటే
పిల్ల ఆమె వైపు చూడలేదు, వాకిలి వైపు చూసింది.
రెండు జడలు. ఎర్ర రిబ్బన్లు, గట్టిగా మడిచి కట్టినవి.
ఆ ముడి ఎట్ట విప్పాలో ఆమెకి తెలీలేదట.
పొద్దున ఆ తల దువ్విన చేయి
ఆ చేయి కాదు.

"మచ్చ?" అన్నాను. నా గొంతు సారు గొంతులా వచ్చింది.
"కుడి చెవి వెనక. చింతగింజంత."
"ఎవరికైనా చెప్పినావా?"
"ఎవురడిగినారు?
ఎనకాల ఇంకా అరవై తలకాయలు కాచుకోనుండాయి."

నీళ్లు చల్లారిపోయాయి. చేయి తీయలేదు.

నిఘా పేపర్లో మూడో యూనిట్:
సమాచారం ఇచ్చేవాళ్లకి అక్షరాలుంటాయి.
పూర్తిగా నమ్మదగినవాళ్లు ఏ.
ఎఫ్ అంటే అబద్ధాలకోరని ఇన్నాళ్లూ అనుకున్నాను.
కాదు. ఎఫ్ అంటే
ఇంతవరకూ ఎవరూ అడిగి చూడని మనిషి.

సోమవారం క్లాసు ఎగ్గొట్టి
అమ్మని స్టేషన్‌కి తీసుకుపోయాను.
"యూనిఫాం లేకుండా నన్నెందుకు లోపలికి రానిస్తారే"
అని దారంతా గొణిగింది.
కుర్చీ వేశారు. అంచున కూర్చుంది,
లేవమంటే లేవడానికి వీలుగా.

రైటరు కొత్త పేజీ తిప్పాడు.
పిల్ల ఎత్తు, రంగు, గౌను.
"జుట్టు?"

అమ్మ నా వైపు చూసింది.
"వచ్చేటప్పుడు రెండు జడలు సార్," అంది. ఆగింది.
"నేనే తీసేస్తిని."

తప్పిపోయిన పిల్లల ఫొటోలు బల్ల మీద పరిచాడు.
అన్నీ ఎదురుగా తీసినవి, అన్నింటికీ జడలు.
అమ్మ ఒక్కోటీ పక్కకి వంచి చూస్తోంది,
చెవి వెనక కనిపిస్తుందేమోనని.

"మచ్చ ఎక్కడన్నావు?" అన్నాడు రైటరు.
అమ్మ చేయి చాపి
నా కుడి చెవి మడిచింది,
వెనక్కి.